రూట్ కింద మైనస్ 100 వస్తే బుర్ర లేనట్టేనా?

ప్రశ్న: మా వాడు తిరుపతిలో హాస్టల్లో ఉండి ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ చదువుతున్నాడు. పైనుంచి పడే వస్తువులు, శక్తి నిత్యత్వం లెక్కలు బొత్తిగా రావడం లేదు. ప్రతి ఆదివారం ఫోన్లో మార్కులు అడుగుతూనే ఉన్నాను, పక్కింటి అబ్బాయి ర్యాంకు చెబుతూనే ఉన్నాను. ఇంకొంత ఫీజు కడితే ఐఐటీ స్పెషల్ బ్యాచ్‌కి మారుస్తామంటున్నారు. ఏర్పేడు ఐఐటీ మనకు దగ్గరే కదా అని ఆశ. మార్చాలా, ఈఏపీసెట్ బ్యాచ్‌లోనే ఉంచాలా? వాడి పేపర్ ఫొటో పంపుతున్నాను. – ఒక తల్లి, చిత్తూరు

జవాబు: అమ్మా, బ్యాచ్‌ల సంగతి తర్వాత. మా వాడికి బుర్ర లేదేమో అన్న భయంతో రాశారు మీరు. ముందు అది చూద్దాం.

25 మీటర్ల మేడ మీద నుంచి సెకనుకు 20 మీటర్ల వేగంతో బంతిని నిట్టనిలువుగా పైకి విసిరితే, నేలను ఎంత వేగంతో తాకుతుంది? గురుత్వ త్వరణం జి విలువ 10. మీ వాడు 20 వర్గం 400లోంచి, 2×10×25 అంటే 500 తీసేశాడు, రూట్ కింద మైనస్ 100 రాగానే ఆ రూట్ తీయడం కుదరక కొట్టేసి వదిలేశాడు. బంతి చివరికి విసిరిన చోటు కంటే 25 మీటర్లు కిందికి చేరిందన్నది మరిచిపోయాడు, అంతే. ఆ సైన్ (ప్లస్, మైనస్ గుర్తు) సరిచేస్తే 400కి 500 కలిసి 900, జవాబు 30. శక్తి నిత్యత్వంతో చేస్తే ఈ సైన్ల గొడవే ఉండదు. మేడ మీద ఉన్న గతిశక్తి, స్థితిశక్తి మొత్తం నేల దగ్గర గతిశక్తి అవుతుంది. ద్రవ్యరాశి రెండు వైపులా పోతుంది, మళ్లీ 30. గాలిని పట్టించుకోకపోతే, బంతిని అదే వేగంతో కిందికి విసిరినా, అడ్డంగా విసిరినా ఇదే జవాబు. ఎంతసేపు పట్టిందంటే మాత్రం చలన సమీకరణాలకే రావాలి, 5 సెకన్లు. మైనస్ 100 చూడగానే ఎక్కడో తప్పు జరిగిందని గ్రహించాడు చూశారా, అలా గ్రహించలేని టాపర్లు నాకు బోలెడుమంది తెలుసు.

స్పెషల్ బ్యాచ్ మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. ఇవే పాఠాలు అక్కడ పరుగు మీద అయిపోతాయి. సైన్ దగ్గర తడబడేవాడు డౌట్ అడగడానికి సిగ్గుపడి, బోర్డు మీదది దించుకోవడానికి అలవాటు పడతాడు. ఏర్పేడు పక్కనే ఉందని మనకేమీ విడిగా సీట్లు ఇవ్వరు, పోటీ దేశమంతటితోనే.

ఒక మాట అంటాను, ఏమనుకోవద్దు. వారానికి ఒక్క ఫోన్, అందులోనూ మార్కులు, పక్కింటి ర్యాంకు! వాడు తిన్నాడో లేదో అడిగారా? ఇలాగైతే రేపటినుంచి పేపర్ మీ కంట పడనివ్వడు. ఫీజు కడుతున్నాం కదా అంటారేమో, కట్టింది చదువుకి, రోజూ గుండెల్లో దడకి కాదు.

ఉన్న బ్యాచ్‌లోనే ఉంచండి. ఈఏపీసెట్‌లో ఫిజిక్స్ 40 ప్రశ్నలూ ఈ ఇంటర్ పాఠాల్లోంచే వస్తాయి, ఎస్వీయూ ఇంజినీరింగ్ కాలేజీకి దారీ అదే. జేఈఈ మెయిన్ ఈ బ్యాచ్‌లో ఉండి కూడా రాయొచ్చు. దసరా సెలవులకు వచ్చినప్పుడు కొట్టేసిన లెక్కలు మాత్రమే మళ్లీ చేయమనండి. ముందు బొమ్మ గీసి, పైకి ప్లస్, కిందికి మైనస్ అని రాసుకుని మొదలుపెట్టాలి. సంక్రాంతికి కూడా ఇలాగే ఉంటే ఆ పేపర్లు పంపండి, చూస్తాను.