మిషన్‌తో పితికిన సాయంత్రం పాలు మాత్రమే విరుగుతున్నాయి, ఎందుకు?

ప్రశ్న: మాకు ఎనిమిది సంకర జాతి ఆవులు ఉన్నాయి. ఏడు నెలల కిందట ఒకే బకెట్ ఉన్న పాలు పితికే మిషన్ కొన్నాం. నెల రోజులుగా సాయంత్రం పాలు కేంద్రంలో మరిగిస్తే విరుగుతున్నాయని తిప్పి పంపుతున్నారు. ఉదయం పాలు బాగానే ఉంటున్నాయి. కరెంటు లేని రోజు చేత్తో పితికిన పాలకు ఏ ఇబ్బందీ రాలేదు. పశువైద్యులు పరీక్షించి పొదుగువాపు లేదన్నారు. మిషన్‌ను రోజూ మరిగే నీళ్లతో, సబ్బు పొడితో కడిగి, బ్లీచింగ్ నీళ్లు కూడా పోస్తున్నాం. మా బోరు నీళ్లు కాస్తే గిన్నెకు తెల్లటి పొర కడుతుంది. లోపం ఎక్కడుంది?
– పాడి రైతు, పలమనేరు ప్రాంతం, చిత్తూరు జిల్లా

జవాబు: మీ ప్రశ్నలోనే సగం జవాబు ఉంది. అవే ఆవుల పాలు చేత్తో పితికినప్పుడు నిలుస్తున్నాయంటే లోపం పొదుగులో లేదు, మేతలో లేదు. ఉదయం కడిగిన మిషన్ గొట్టాలు తడితోనే పగటి ఎండ వేడిలో సాయంత్రం దాకా ఉంటాయి కనుక, వాటి లోపలి గోడలకు పట్టిన సూక్ష్మజీవుల పొర ఆ వ్యవధిలో పెరిగి, సాయంత్రం పాలలోకి దిగుతున్నదని నా అంచనా. ఈ జిగురు పొరనే బయోఫిల్మ్ అంటారు.

నమ్మకం కుదరకపోతే చనుమొనకు తొడిగే కప్పు లోపలి రబ్బరు గొట్టాన్ని, అంటే లైనర్‌ను, ఊడదీసి, చనుమొన దూరే పెదవి దగ్గరి మడతను తిరగేసి చూడండి. పసుపు రంగు జిడ్డు కనిపించినా, క్లా (నాలుగు కప్పుల పాలు వచ్చి కలిసే భాగం) నుంచి బకెట్‌కు వెళ్లే గొట్టంలో వేలు పెట్టి తిప్పితే నాచు పట్టిన మెట్టులా జారినా, వాసన పులుపుగా ఉన్నా అనుమానం అక్కర్లేదు.

నా పీహెచ్‌డీ పరిశోధన ఈ అతుక్కోవడం మీదే సాగింది. రూపాయి బిళ్లంత స్టీలు, రబ్బరు ముక్కలను పచ్చిపాలలో ఉంచి, వేర్వేరు గంటల్లో తీసి, కడిగి, క్రిస్టల్ వయొలెట్ అనే ఊదా రంగు అద్దేవాళ్లం. కంటికి తళతళలాడుతున్న ముక్క మీద కూడా గీతల వెంబడి ఊదా చారలు తేలేవి. పాలు తగిలిన కొద్ది క్షణాల్లోనే పాల ప్రొటీన్లు ఉపరితలం మీద పల్చగా పరుచుకుంటాయి. సూక్ష్మజీవి వచ్చి వాలేది స్టీలు మీద కాదు, ఆ ప్రొటీన్ పరుపు మీద. మొదట్లో దాని పట్టు వదులుగా ఉండి, నీటి ధారకే చాలావరకు కొట్టుకుపోతుంది. ఆ అదును దాటితే అది పాలిసాకరైడ్లు (చక్కెర అణువుల గొలుసులు), ప్రొటీన్లతో కూడిన జిగురును తన చుట్టూ స్రవించి, పిల్లలు పెట్టి, గుంపుగా స్థిరపడుతుంది. ముదిరిన గుంపు నుంచి కొన్ని జీవులు విడిపోయి, పారే పాలతో పాటు క్యాన్‌లోకి చేరతాయి.

మీరు శ్రద్ధగా చేస్తున్న పనిలోనే రెండు పొరపాట్లు ఉన్నాయి. మొదటిది, పాలు అంటుకున్న గొట్టంలో నేరుగా మరిగే నీళ్లు పోయడం. వేడికి ప్రొటీన్ గడ్డకట్టి గోడకు అతుక్కుంటుంది, మీ బోరు నీటిలోని కాల్షియం దానితో కలిసి మిల్క్ స్టోన్ అనే తెల్లటి గరుకు పొరగా మారుతుంది, సూక్ష్మజీవులకు అంతకు మించిన ఆశ్రయం లేదు. రెండవది, పొర తొలగించకుండా బ్లీచింగ్ పోయడం. క్లోరిన్‌లో చాలా భాగం పైనున్న జిగురు, పాల మలినంతోనే ఖర్చైపోయి, అడుగున ఉన్నవాటిని చేరదు. 17వ శతాబ్దంలో డచ్ దేశస్థుడు లేవెన్‌హుక్ తన పళ్ల మీది గారను సూక్ష్మదర్శినిలో చూసి, వెనిగర్ పైనున్న జీవులనే చంపింది గానీ గార లోపలికి చొరబడలేదని రాసుకున్నాడు. మీ గొట్టంలో జరుగుతున్నదీ అదే.

కాబట్టి పితకడం ముగిసిన వెంటనే, పాలు ఆరకముందే, గోరువెచ్చని నీటితో, అంటే 35–40 డిగ్రీల సెల్సియస్ నీటితో, బయటికి వచ్చే నీరు తేటపడే వరకు కడగండి. ఆ తరువాతే సుమారు 70 డిగ్రీల వేడి నీటిలో డెయిరీల కోసం తయారైన క్షార డిటర్జెంట్‌ను ప్యాకెట్ మీది మోతాదులో కలిపి, పది నిమిషాల పాటు గొట్టాల గుండా పారించి, బ్రష్‌తో రుద్ది, నీరు 45 డిగ్రీలకు చల్లారకముందే పారబోయండి. చల్లారితే విడిపోయిన కొవ్వు మళ్లీ గోడకే పడుతుంది. ఇంటి సబ్బు పొడి నురుగు ఎక్కువ, ఈ పనికి తగదు. మీ నీరు కఠినజలం కనుక వారానికి రెండుసార్లు డెయిరీ ఆమ్ల ద్రావణంతో కూడా కడిగితేనే మిల్క్ స్టోన్ కరుగుతుంది. ఆమ్లాన్నీ బ్లీచింగ్‌నూ ఎన్నడూ కలపవద్దు, ప్రాణాంతకమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది. కడిగిన భాగాలను నేల మీద పెట్టకుండా, నీరు పూర్తిగా ఓడేలా తలకిందులుగా వేలాడదీయండి. మళ్లీ పితికే ముందు, లీటరు నీటికి 4 శాతం సోడియం హైపోక్లోరైట్ 5 మిల్లీలీటర్లు కలిపి, అంటే 200 పీపీఎం (పది లక్షల పాళ్లలో 200 పాళ్లు) బలంతో, ఒకసారి పారించి పూర్తిగా వార్చండి.

క్యాన్ అల్యూమినియందైతే కాస్టిక్ సోడా వాడకండి, లోహాన్ని తినేస్తుంది. ఇసుక, స్టీలు పీచుతో తోమడం కూడా మానండి. ఊదా చారలు తేలేది ఆ గీతల్లోనే.

ఇవన్నీ పాటించినా పాత లైనర్లు ఉన్నంత కాలం ఫలితం అంతంతమాత్రమే. రబ్బరు పాల కొవ్వును పీల్చుకుని ఉబ్బి, కంటికి ఆనని పగుళ్లు ఇస్తుంది, ఆ పగుళ్లలోకి బ్రష్ చేరదు. సాధారణంగా 2,500 పితుకుళ్లకు లైనర్లు మార్చాలంటారు. మీకు ఎనిమిది ఆవులు, రెండు పూటలు, ఒకే క్లా, అంటే రోజుకు 16 పితుకుళ్లు. ఆ లెక్కన అయిదు నెలలకే గడువు తీరింది, మీరు ఏడో నెలలో ఉన్నారు. ముందుగా చేయవలసిన ఖర్చు ఇదే, సాయంత్రం ఒక్క క్యాన్ వెనక్కి వచ్చిన నష్టంతో పోల్చుకుంటే పెద్దదేమీ కాదు.

పది రోజుల తరువాత ఒకే సాయంత్రం మూడు శుభ్రమైన సీసాల్లో నమూనాలు తీయండి: చేత్తో నేరుగా పితికినవి, మిషన్ బకెట్‌లోవి, కేంద్రానికి చేరాక క్యాన్‌లోవి. కేంద్రంలో మిథిలీన్ బ్లూ పరీక్ష చేయమని అడగండి. పాలలో ఈ నీలం రంగు కలుపుతారు, సూక్ష్మజీవులు ఎక్కువుంటే రంగు అంత త్వరగా పోతుంది. నీలం రంగు 5 గంటలు, ఆపైన నిలిస్తే పాలు చాలా మంచివి, అరగంటలోపే పోతే నాసిరకం. మొదటి సీసా నిలిచి రెండవది ఓడితే మిషన్‌లో ఇంకా పొర ఉన్నట్టు, రెండూ నిలిచి మూడవది ఓడితే క్యాన్‌ను, ముఖ్యంగా మూత రబ్బరు గాడిని చూడవలసి ఉంటుంది.