పార్టు మార్చకముందు

కడప

బుజ్జమ్మా,

నీ మెసేజ్ చూశాను. ఫోన్లో చెబుదామంటే నువ్వు ఆఫీసులో ఉంటావు, నేనేమో మొదలుపెడితే ఆగను. అందుకే రాస్తున్నా. ఒకసారి ఇంట్లో చదువుకో, ఇంకోసారి బండి దగ్గర నిలబడి చదువుకో.

పొద్దున కారు తాళం తిప్పితే టకటకమని ఊరుకుంటోందనీ, షెడ్డులో సెల్ఫ్ మోటారు (ఇంజన్‌ను మొదట తిప్పి స్టార్ట్ చేసేది) పోయింది మార్చాలన్నారనీ రాశావు. అన్నారు సరే, ఏం చూసి అన్నారు? మీటరు పెట్టారా? బ్యాటరీ క్లాంపు విప్పారా? చూడకుండా చెప్పేది ఊహ. ఆ ఊహకు డబ్బు కట్టేది నువ్వు. నీకు రిపేరు చేతకాకపోయినా ఏం ఫర్వాలేదు. లోపం ఎక్కడుందో తేల్చుకోవడం మాత్రం నేర్చుకో, పాత బండి కొన్నాక అది తప్పదు.

దానికి మొదట కావలసింది పానాలు కాదు, ఒక చిన్న పుస్తకం. బండి ఏ పేచీ పెట్టినా, అది ఎప్పుడు పెట్టిందో రాయి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకనా? ఎంత స్పీడులో? బ్రేకు తొక్కితేనా, తిప్పితేనా, ఏసీ వేస్తేనా? "ఏదో సౌండొస్తోంది" అంటే ఏ మెకానికైనా ఊహించాల్సిందే. "ఎడమకు పూర్తిగా తిప్పి కదిలిస్తే ముందు చక్రం దగ్గర టకటకమంటోంది" అన్నావంటే సగం పని అయిపోయినట్టే. అది చక్రాన్ని తిప్పే యాక్సిల్ చివర ఉండే కీలు, సీవీ జాయింట్ అంటారు.

ఇక నీ టకటక సంగతి. వోల్టులు కొలిచే మల్టీమీటర్ ఒకటి కొను, అనంతపురంలో ఏ ఎలక్ట్రికల్ షాపులో అడిగినా ఇస్తారు. ఖరీదైనది అక్కర్లేదు. చేతికి గాజులు, వాచీ, ఉంగరం ఉంటే తీసి పక్కన పెట్టు. పానా గానీ గాజు గానీ ప్లస్‌కూ బాడీకీ ఒకేసారి తగిలితే చెయ్యి కాలుతుంది. మీటరు డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి, ఎర్ర వైరు ప్లస్ మీద, నల్ల వైరు మైనస్ మీద ఆనించు. రాత్రంతా ఆగి ఉన్న బండిలో 12.6 వస్తే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగమే ఉంది. 12 లోపలైతే ముందు ఛార్జింగ్ పెట్టించు, తర్వాతే మిగతా మాటలు. ఇప్పుడు ఎవరినైనా సెల్ఫ్ కొట్టమని నువ్వు మీటరు చూడు. 10 పైన నిలబడితే మంచిదే. నిండుగా ఛార్జ్ చేశాక కూడా తొమ్మిదిన్నర కిందికి జారిపోతుంటే ఆ బ్యాటరీలో సత్తువ లేదు. బండి స్టార్ట్ అయితే అప్పుడూ ఒకసారి చూడు, 13.8 నుంచి 14.5 మధ్య రావాలి. 12 దగ్గరే కూర్చుంటే ఆల్టర్నేటర్, అంటే ఇంజన్ తిరుగుతుండగా కరెంటు పుట్టించేది, బ్యాటరీని ఛార్జ్ చెయ్యట్లేదు. అలాంటప్పుడు కొత్త బ్యాటరీ వేసినా రెండు రోజులకు మళ్లీ మొదటికే వస్తుంది.

చాలామంది చెయ్యని పరీక్ష ఇంకొకటుంది, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. ఎర్ర మొన బ్యాటరీ మీది సీసపు గుబ్బకు ఆనించు, నల్ల మొన ఆ గుబ్బ చుట్టూ బిగించిన క్లాంపుకు ఆనించు. రెండూ తగులుకునే ఉన్నాయి కదా, మధ్యలో వోల్టులేముంటాయి అంటావు. సెల్ఫ్ కొట్టేటప్పుడు చూడు. సున్నా పక్కనే ఉండాలి. అర వోల్టో ఒక వోల్టో చూపించిందంటే దొంగ అక్కడే దొరికాడు. పైకి బిగుతుగానే కనిపిస్తుంది, విప్పితే లోపల తెల్లటి పొరో పచ్చటి బూజో ఉంటుంది. మైనస్ వైపూ అలాగే చూడు. తర్వాత మైనస్ గుబ్బకూ ఇంజన్ ఇనుముకూ మధ్య చూడు, ఎర్త్ వైరు సంగతి తెలుస్తుంది.

శుభ్రం చెయ్యడం సులువే. చాలా బండ్లకు పది నంబరు పానా సరిపోతుంది. మైనస్ ముందు విప్పాలి, బిగించేటప్పుడు చివర బిగించాలి. ఈ వరస తప్పొద్దు. వేడినీళ్లలో వంటసోడా కలిపి పోస్తే బుసబుసమని పొంగుతుంది. తుడిచి, ఆరాక, క్లాంపు లోపలివైపు సాండ్‌పేపరుతో మెరిసేదాకా రుద్ది బిగించు, పైన కొంచెం వాసెలిన్ పుయ్యి. బ్యాటరీ బాగుండి, జాయింట్లన్నీ బాగుండి, అప్పటికీ ఒక్క "టక్" అని ఆగిపోతోందా? సరే, అప్పుడు సెల్ఫ్ మోటారును అనుమానించు. నన్నడిగితే నీ బండికి అంతదాకా రాదు. గబగబా టకటకలాడడం ఎక్కువగా కరెంటు చాలనప్పుడే.

ఎండాకాలం వచ్చేస్తోంది గనక ఇంజన్ టెంపరేచర్ సంగతి కూడా చెప్పాలి. ముల్లు పైకెక్కితే టెన్షన్ పడకు, ఎప్పుడెక్కిందో చూడు. సప్తగిరి సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో నిలబడితే ఎక్కి, హైవే మీద గాలి తగలగానే దిగితే రేడియేటర్ ఫ్యాన్ మీద అనుమానం. ఇంజన్ ఆన్‌లో ఉంచి ఏసీ వేసి చూడు, కాసేపట్లో ఫ్యాన్ తిరగాలి. తిరక్కపోతే ముందు ఫ్యూజు, తర్వాత రిలే (ఫ్యాన్‌కు కరెంటు ఇచ్చే స్విచ్చు), ఆ తర్వాతే ఫ్యాన్ మోటారు. ట్రాఫిక్‌లో బాగుండి, నలభై నాలుగో నంబరు హైవే మీద స్పీడులో ఎక్కితే మాత్రం నీళ్లు సరిగా తిరగట్లేదు. రేడియేటర్ పూడిపోయి ఉండొచ్చు, వేడిని బట్టి ఆ నీళ్లకు దారి తెరిచే థర్మోస్టాట్ ఇరుక్కుని ఉండొచ్చు. మన జిల్లాల్లో మొదటిది ఎక్కువ, ఎందుకంటే కూలెంట్ (రేడియేటర్‌లో పోసే చల్లబరిచే ద్రవం) తగ్గిందని బోరు నీళ్లు పోసేస్తారు. ఆ నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లగా పేరుకునేదే రేడియేటర్ సన్న గొట్టాల్లోనూ పేరుకుంటుంది. కూలెంట్‌లో కలిపేది డిస్టిల్డ్ వాటరే అయ్యుండాలి. దారిలో గత్యంతరం లేక మామూలు నీళ్లు పోస్తే, ఇంటికి రాగానే అదంతా తీయించు.

వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత ముట్టుకోవద్దు. లోపల ప్రెషర్‌లో ఉన్న నీళ్లు మూత వదులు కాగానే ఆవిరై మొహానికి కొడతాయి. ఇంజన్ ఆపినా ఫ్యాన్ దానంతటది తిరగొచ్చు, చెయ్యి దూరంగా ఉంచు. ముల్లు ఎక్కుతుంటే ఏసీ ఆపి, హీటర్ ఫుల్లుగా పెట్టి, ఓరకు తీసుకో. మే నెలలో హీటర్ ఏంటి పెద్దనాయనా అంటావు. ఆ వేడి నీ మీదికి వస్తే ఇంజన్‌కు కొంచెం ఊపిరాడుతుంది మరి.

కూలెంట్ ఎక్కడా కారకుండానే తగ్గిపోతూ, సైలెన్సర్ నుంచి తెల్లపొగ ఆగకుండా వస్తూ, ఆయిల్ పుల్ల తీస్తే ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే హెడ్ గ్యాస్కెట్, అంటే ఇంజన్ పైభాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు, పోయినట్టే లెక్క. ఇక నడపొద్దు, లాగించుకుని పో. చలికాలం పొద్దున కాసేపు వచ్చే తెల్లటి ఆవిరి వేరు, దానికి భయపడకు. నీలిపొగ అంటే ఇంజన్ ఆయిల్ కాలుతోంది. నల్లపొగ అంటే పెట్రోలు ఎక్కువ పోతోంది. నువ్వు తాడిపత్రి మీదుగా వస్తావు కాబట్టి, ఆ నాపరాళ్ల దుమ్ముకు ఎయిర్ ఫిల్టర్ ఒకసారి తీసి చూడు. ఎండకు పెట్టి చూస్తే వెలుతురు దాటాలి.

బండి కింద తడి కనిపిస్తే రాత్రి ఒక పాత అట్ట పరిచి పొద్దున చూసుకో. ఏసీ నీళ్లయితే రంగూ వాసనా ఉండవు, వదిలెయ్. జారుడుగా, లేత పసుపులో, చక్రం లోపలివైపు కనిపిస్తే బ్రేక్ ఆయిల్. ఆ బండి తియ్యొద్దు.

ఇంజన్ లైట్ వెలిగితే షెడ్డుకు పరుగెత్తక్కర్లేదు. నీది 2016 మోడల్, స్టీరింగ్ కింద ఓబీడీ సాకెట్ (బండి కంప్యూటర్‌లోని లోపాల కోడ్లు చదివే చోటు) ఉంటుంది. బ్లూటూత్ స్కానర్ పెడితే ఫోన్లో కోడ్ వస్తుంది. కోడ్ చెప్పేది ఎక్కడ వెతకాలో, ఏది మార్చాలో కాదు. పి0301 వచ్చిందనుకో, మొదటి సిలిండర్ మిస్ అవుతోంది, అంటే అందులో పెట్రోలు సరిగా మండట్లేదు. దాని ఇగ్నిషన్ కాయిల్ (నిప్పురవ్వకు కరెంటు ఇచ్చేది) తీసి రెండో దానికి, రెండోది మొదటిదానికి మార్చి, కోడ్ చెరిపేసి కాస్త తిప్పు. ఈసారి పి0302 వస్తే లోపం కాయిల్‌తో పాటు జరిగింది, కాయిలే మార్చాలి. మళ్లీ పి0301 వస్తే స్పార్క్ ప్లగ్గు చూడు. పైసా ఖర్చు లేకుండా తేలిపోయింది చూశావా! లైట్ ఊరికే వెలగడం కాకుండా ఆరుతూ వెలుగుతుంటే మాత్రం వెంటనే స్పీడ్ తగ్గించి ఆపు. కాలని పెట్రోలు పొగను శుద్ధి చేసే కేటలిటిక్ కన్వర్టర్‌ను పాడు చేస్తుంది, దాని ధర వింటే నిద్ర పట్టదు.

ఎనభై దాటాక స్టీరింగ్ వణికితే వీల్ బ్యాలెన్సింగ్. ఒక పక్కకు లాగితే ముందు టైర్లలో గాలి చూడు, తర్వాత ఎలైన్‌మెంట్ (చక్రాల వాలు సరిచెయ్యడం). స్పీడుతో పాటు పెరిగే గుయ్యిమనే మోత వీల్ బేరింగ్‌ది కావొచ్చు, టైరు అరుగుదల కూడా చూసుకో.

బ్రేకులు వినడం దాకే నీ పని. కీచుమంటే ప్యాడ్లు అరిగి ఉండొచ్చు, గరగరమంటే ఇనుము ఇనుమును కోస్తోంది. పెడల్ మెత్తగా లోపలికి దిగిపోతే బండి అక్కడే వదిలేసి మనిషిని పిలిపించు. రాయచోటికి వెళ్లేటప్పుడు గువ్వలచెరువు ఘాట్‌లో అలాంటి పెడల్‌తో దిగడం ఊహించుకో. ఎయిర్‌బ్యాగ్ వైర్లు పసుపు తొడుగులో ఉంటాయి, వాటి జోలికి పోవద్దు. జాకీ ఒక్కదాని మీద లేపిన బండి కిందికి తల పెట్టొద్దు. ఈ మాట మీ నాన్నకు కూడా చెప్పు, వాడు వినడు.

షెడ్డుకు పోయేటప్పుడు పుస్తకం తీసుకుపో. "సెల్ఫ్ మార్చండి" అనకు. నీ మీటరు లెక్కలు చూపించి "మీరేమంటారు?" అని అడుగు. పనిమంతుడైతే ముచ్చటపడి ఇంకో రెండు విషయాలు చెబుతాడు. విసుక్కుంటే ఇంకో షెడ్డు చూసుకో. ఏం మార్చినా పాత పార్టు అడిగి డిక్కీలో వేయించుకో, ఉగాదికి వచ్చినప్పుడు ఇద్దరం విప్పి చూద్దాం.

నీ
పెద్దనాయన