కన్నెస్వామికి మామయ్య ఉత్తరం

అల్లుడూ,

మాల పడ్డాక నిన్ను 'స్వామీ' అనాలి. అందుకే ఇప్పుడే తనివితీరా అల్లుడూ అంటున్నాను. కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకుంటున్నావని అమ్మ ఫోన్లో చెప్పింది. 16 ఏళ్లకే 41 రోజుల దీక్షకు పూనుకున్నావంటే గర్వంగా ఉంది. అంతలోనే అమ్మ ఇంకో మాట అంది: "ఆ మూడు రోజులు మీ ఇంటికి వచ్చేస్తాలే అన్నయ్యా, వాడి దీక్షకు ఇబ్బంది లేకుండా." ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

చన్నీళ్ల స్నానం, నేల పడక, భిక్ష సంగతి గురుస్వామి చెబుతారు. చెప్పుల్లేని నడక ఇప్పట్నుంచే అలవాటు చేసుకో. మకరజ్యోతికి మాత్రం వెళ్లొద్దు. 2011 జనవరి 14న జ్యోతి చూసి తిరిగొస్తూ శబరిమల దగ్గరి పుల్‌మేడులో తొక్కిసలాటలో వంద మందికి పైగా పోయారు. అంతకుముందు మండల పూజల రోజుల్లోనే వెళ్లిరా. నీలిమల ఎక్కేటప్పుడు ఎవరితోనూ పందెం వేయకు.

ఇక అసలు విషయం. 1996 నవంబరు 6 తుఫాను మన కోనసీమను ఊడ్చేసింది. మా వసారా పెంకులు లేచిపోయినా ఇల్లు నిలిచింది. ఆ మొక్కుతో పది రోజులకు నేను మాల వేసుకున్నాను. నాకు 19. నాన్న ముందు నోరెత్తనివాణ్ణి, నల్లబట్టలు కట్టగానే ఊళ్లో పెద్దలు కూడా నా కాళ్లకు దండం పెట్టారు. ఆ దండం మెడలో ఉన్న స్వామికని తట్టలేదు. నాకే అనుకున్నాను. ఇంట్లో నా మాటకు ఎదురు లేకపోతే మగాణ్ణయినట్టే అనుకున్నాను.

రెండో వారంలో మీ అమ్మ బయట చేరింది. దానికి 13. వెనక గదిలో ఓ మూల పడుకుంటుందిలే అని అమ్మమ్మ బతిమాలింది. నేను ఒప్పుకోలేదు. "మాతా, నువ్వు వసారాలో పడుకో" అన్నాను. దీక్షలో ఆడవాళ్లను మాత అనాలి కదా, ఆ మాటతోనే బయటికి పంపాను.

తెల్లవారుజామున నాలుగింటికి స్నానానికని తలుపు తీశాను. కప్పులేని వసారాలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. దుప్పటి మంచుకు తడిసి ముద్దయింది. నన్ను చూడగానే గబుక్కున కళ్లు మూసుకుని మొహం గోడవైపు తిప్పేసుకుంది, తన చూపు తగిలి నా దీక్ష చెడుతుందని. నేను శరణం చెప్పుకుంటూ దాటి వెళ్లిపోయాను. వారం రోజులు జ్వరంతో మూలిగింది.

కొండమీద పద్దెనిమిది మెట్ల పైన 'తత్త్వమసి' అని కనిపిస్తుంది. నువ్వు వెతుక్కుంటూ వచ్చిన స్వామివి నువ్వే అని గురుస్వామి అర్థం చెప్పారు. గోడవైపు తిరిగిన ఆ మొహమే కళ్లముందు కదిలింది. నాలో ఉన్నవాడు దానిలో లేడా? ఇంటికొచ్చాక ఆ మాట దానితో అనలేకపోయాను. ఇప్పటికీ అనలేదు.

నియమం ఎంత గట్టిగా పాటిస్తావో నీ ఇష్టం. కానీ ఆ మూడు రోజులూ నువ్వే వెళ్లి గుడి దగ్గర మిగతా స్వాములతో ఉండు. అమ్మ తన ఇంట్లో, తన మంచం మీద పడుకోవాలి. నీ బట్టలు నువ్వే ఉతుక్కో. అమ్మ మీద గొంతు లేచిందని తెలిస్తే మాలలో ఉన్నావని కూడా చూడను. కోప్పడుతున్నానని బాధపడకు నాన్నా. నువ్వు మంచివాడివి. అప్పుడు నేనూ చెడ్డవాణ్ణి కాదు, నా భయమంతా అదే.

ఇరుముడి కట్టే రోజుకి నేనూ అత్తయ్యా వస్తాం. ముందు దోసిలి బియ్యం అమ్మ చేత వేయించు.

మీ మామయ్య