కారులో రూఫ్ లైటు ఉండుండి ఆరిపోతుంటే ఎక్కడ చూడాలి?

మీరు అడిగింది: డోర్ తెరిస్తే లోపలి లైటు ఒకసారి వెలుగుతోంది, ఒకసారి వెలగడం లేదు. బల్బు, ఫ్యూజు మార్చినా అంతే. మెకానిక్ బాడీ కంట్రోల్ మాడ్యూల్ (లోపలి లైట్లలాంటివి నడిపే ఎలక్ట్రానిక్ పెట్టె) పోయిందంటున్నాడు, మార్చాలా అని.

మార్చకండి. ముందు లైటు దగ్గరున్న స్విచ్‌ని ‘డోర్’ అని ఉన్న చోటు నుంచి ‘ఆన్’కి జరపండి. ఆన్‌లో నిలకడగా వెలిగితే బల్బు, ఫ్యూజు, పైకి వచ్చే కరెంటు మూడూ బాగున్నట్టే, ఇంక వాటి జోలికి పోనక్కర్లేదు. తర్వాత డోర్లు ఒక్కొక్కటే తెరిచి చూడండి. మిగతా డోర్లకు వెలిగి ఒక్కదానికే మొండికేస్తే మాడ్యూల్ పోయిందన్న మాట నేను నమ్మను. ఆ డోర్ స్విచ్‌లోనో, దాని వైరులోనో ఉంటుంది తప్పు.

మా కారులో వెనక ఎడమ డోర్ అచ్చం ఇలాగే చేసింది. బెత్తెడు తెరిస్తే లైటు వెలిగేది. బార్లా తెరిస్తే టప్పున ఆరిపోయేది. దాంతోపాటే మీటర్‌లో డోర్ తెరిచి ఉందని చూపించే బొమ్మ కూడా పోయేది. పిల్లలు చీకట్లో సీటు కింద చెప్పుల కోసం తడుముకునేవాళ్లు. సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే స్కానర్ (కారు మాడ్యూళ్లు నమోదు చేసిన ఎర్రర్ కోడ్‌లు చదివే పనిముట్టు) తగిలించారు. ఎర్రర్ కోడ్ ఏదీ రాలేదు. అయినా మాడ్యూల్ మార్చాలన్నారు. డోర్ ఎంతవరకు తెరిస్తే ఆరుతోందో ఒక్కరు కూడా చూడలేదు! అది తలుచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది. స్కానర్ మంచి పనిముట్టే. కానీ డోర్ వైరు తెగితే ఆ మాడ్యూల్‌కి డోర్ మూసి ఉన్నట్టే కనిపిస్తుంది, అలాంటప్పుడు కోడ్ ఎక్కణ్ణుంచి వస్తుంది?

బండి ఇంటికి తెచ్చేసి నేనే కూర్చున్నాను. డోర్‌కీ, అది వేలాడే బాడీ స్తంభానికీ (పిల్లర్) మధ్య ముడతలు ముడతలుగా నల్లటి రబ్బరు గొట్టం ఉంటుంది. డోర్‌లోకి వెళ్లే వైర్లు అందులోంచే పోతాయి, డోర్ తీసి వేసిన ప్రతిసారీ అక్కడే వంగుతాయి. బ్యాటరీ నెగటివ్ తీసేసి, ఆ గొట్టాన్ని పిల్లర్ వైపు వేళ్లతో నొక్కి ఊడదీశాను. ఒక్కో వైరూ రెండు చేతులతో పట్టుకుని మెల్లగా లాగుతూ వచ్చాను. అన్నీ బిర్రుగా ఉన్నాయి, గోధుమరంగు వైరు ఒక్కటి మాత్రం రబ్బరు బ్యాండులా సాగింది. పైన తొడుగు చెక్కుచెదరలేదు, చూస్తే ఏ లోపమూ కనబడదు. బ్లేడుతో గీస్తే లోపల రాగి పోగులన్నీ తెగి, కొసలు నల్లబడి ఉన్నాయి. డోర్ కొంచెం తెరిచినప్పుడు ఆ కొసలు తగులుతున్నాయి, పూర్తిగా తెరిస్తే విడిపోతున్నాయి. అదీ సంగతి.

అతుకు వేసేటప్పుడు ఒక జాగ్రత్త. వంగే చోట సోల్డర్ పెట్టి వదిలేస్తే అక్కడ వైరు బిగుసుకుపోయి, దాని పక్కనే మళ్లీ తెగుతుంది. అందుకే పాడైన ముక్క కత్తిరించేసి, అదే మందం వైరు కొంచెం పొడుగు ముక్క కలిపి, రెండు అతుకులూ గొట్టం బయటే పడేట్టు వేశాను. ఒకటి డోర్ లోపల, ఒకటి పిల్లర్ లోపల. పైన హీట్ ష్రింక్ స్లీవ్, అంటే వేడి తగిలితే ముడుచుకుని వైరుని పట్టేసే తొడుగు. మామూలు టేపు చుట్టకండి, ఎండకు జిగురు కారి ఊడిపోతుంది. ఆ తర్వాత లైటు మళ్లీ ఇబ్బంది పెట్టలేదు.

వైర్లు లాగి చూసినా తేలకపోతే మల్టీమీటర్ (కరెంటు కొలిచే చేతి పరికరం) తీసుకోండి. పిల్లర్ దగ్గర కనెక్టర్ విడదీసి, డోర్ స్విచ్‌కి వెళ్లే రెండు పిన్నుల మధ్య మల్టీమీటర్‌ని, దారి కలిసి ఉంటే బీప్‌మనే సెట్టింగులో పెట్టి, పక్కవాళ్లని తెరిచిన డోర్‌ని అటూ ఇటూ ఆడించమని, బీప్ తెగుతోందేమో వినండి. డోర్ కదలకుండా ఒకే చోట ఉంచి కొలిచి బాగానే ఉంది అనేవాళ్లే ఎక్కువ. ఉండుండి వచ్చే తప్పు అలా దొరకదు. పిల్లర్‌లో పసుపు రంగు కనెక్టర్లు కనిపిస్తే ముట్టుకోకండి, ఆ రంగు సాధారణంగా ఎయిర్‌బ్యాగ్‌లకు వాడతారు.

ఇంకో మాట. లైటు రావడం లేదని 10 ఆంపియర్ల ఫ్యూజు తీసి 20ది పెట్టేవాళ్లను చూశాను. వైరు ఎక్కడో బాడీకి తగులుతుంటే అప్పుడు కాలేది ఫ్యూజు కాదు, వైరు. పైగా ఈ లైటు ఫ్యూజు మీదే గడియారం, స్టీరియో మెమరీ కూడా నడిచే కార్లున్నాయి, కాబట్టి ఫ్యూజు పోతే అవి కూడా పోయాయా అని చూస్తే సగం పని అయిపోతుంది. డోర్ మూసినా సన్నగా మిణుకుమనే ఎల్‌ఈడీ బల్బుల గురించి కూడా ఇలాగే హైరానా పడుతుంటారు. మాడ్యూల్ నుంచి వచ్చే కొద్దిపాటి లీకేజీ కరెంటు చాలు వాటికి. పాత ఫిలమెంట్ బల్బు పెట్టి చూడండి, మిణుకు ఆగిందంటే కారణం అదే.

మీ మెకానిక్ ఇంకా మాడ్యూలే అంటే, ఆ డోర్ సిగ్నల్ మాడ్యూల్ కనెక్టర్ దాకా వస్తోందో లేదో మీ ముందే కొలిచి చూపించమనండి. చూపించనంటే బండి వెనక్కి తెచ్చేసుకోండి.