సోమశిల దగ్గర నీళ్లలో తెరచాప బోటు ఉంది, తుఫాను వస్తోంది. ఇంకో తాడు కడితే సరిపోతుందా?

సరిపోదండి. హుస్సేన్‌సాగర్‌లో సెయిలింగ్ నేర్చుకుని, పదహారు అడుగుల పాత బోటు కొని శ్రీశైలం బ్యాక్‌వాటర్‌లో ఉంచానన్నారు. తుఫాను తీరం దాటడానికి ఇంకా రెండు రోజులుందన్నారు. అంత టైము ఉన్నప్పుడు తాళ్ల గురించి ఆలోచించడం కాదు, నలుగురిని పిలిచి బోటును ఒడ్డుకు లాగించండి. అంత చిన్న బోటుకు అంతకు మించిన భద్రత లేదు.

నాది కొల్లాపూర్ పక్క ఊరు. మా ఇంట్లో ఎవరికీ పడవ తెలియదు, జొన్నచేను తెలుసు. పాలమూరు నుంచి అందరూ వలస పోయినట్టే నేనూ పోయాను. మస్కట్‌లో బోట్లు నిలిపే ఒక యార్డులో హెల్పర్‌గా పడ్డాను. 2007 జూన్‌లో గోను తుఫాను వచ్చింది. అరేబియా సముద్రంలో అప్పటిదాకా నమోదైన వాటిలో అదే బలమైనది. 5న ఒమన్ తూర్పు కొసను తాకి, 6న మస్కట్ పక్కనుంచి పోయింది. అంతకు ముందు రెండు రోజులూ మా ఫోర్‌మన్, కేరళ ఆయన, ఒకటే మాట: "చాప విప్పండి." నిద్ర లేకుండా బోటు తర్వాత బోటుకు చాపలు విప్పి మడిచి గోడౌన్‌లో వేశాం.

ఒక్క బోటు ఓనర్ దేశంలో లేడు. ముందు చాప తీగకు చుట్టే ఉంది కదా, పైనుంచి తాడు బిగించి వదిలేయండని ఫోన్‌లో చెప్పాడు. అలాగే చేశాం. రాత్రి గాలికి ఆ చుట్టలో ఎక్కడో ఒక అంచు దొరికింది. జానెడు విచ్చుకుంది, తర్వాత మొత్తం తెరుచుకుంది. చాప కొట్టుకుంటున్న చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది, తుపాకి పేల్చినట్టు. ప్రతి దెబ్బకూ బోటు పక్కకు ఒరిగి తాడును గుంజింది. తాడు తెగలేదు, తాడు కట్టిన ఇనుప కొక్కెమే డెక్కు చెక్కతో సహా ఊడొచ్చింది. పోయిన బోటు ఊరికే పోలేదు, పక్కనున్న రెండింటిని గుద్దింది.

అందుకే ఒడ్డున ఉన్నా సరే, చాపలు రెండూ, వాటి కింది దూలం, పైన వేసిన టార్పాలిన్, జెండా, అన్నీ తీసేయండి. వీలైతే మాస్ట్, అంటే చాప కట్టే నిలువు స్తంభం, కూడా దించండి. గాలి వేగం రెట్టింపైతే తోపు నాలుగింతలవుతుంది. తీవ్ర తుఫాను అంటే వాతావరణ శాఖ లెక్కలో గంటకు 89 నుంచి 117 కిలోమీటర్ల గాలి. నేల మీదికొచ్చాక బలం తగ్గుతుంది కాబట్టి కొల్లాపూర్ దాకా అంత గాలి రాకపోవచ్చు. కానీ అందులో సగం వచ్చినా మీ బోటును ట్రాలీ మీదినుంచి దొర్లించగలదు. ట్రాలీ టైర్లలో గాలి తీసేయండి, చక్రాల ముందూ వెనకా రాళ్లు పెట్టండి, భూమిలో దిగేసిన గుంజలకు నాలుగు వైపులా బిగించి కట్టండి. చెట్టు కింద మాత్రం పెట్టకండి.

ఇంకొకటి, ఒడ్డు మీద ఉంటే అడుగున ఉండే నీళ్ల బిరడా తీసి జేబులో వేసుకోండి. తీయకపోతే వాన నీళ్లు బయటికి పోవు, పది సెంటీమీటర్ల వాన పడితే మీ సైజు బోటులో అయిదారు వందల లీటర్లు చేరతాయి. అంటే అర టన్ను బరువు.

ఏ కారణంతోనైనా నీళ్లలోనే ఉంచాల్సి వస్తే, నేను చేసిన తప్పు మీరు చేయకండి. మస్కట్ నుంచి వచ్చాక సోమశిల వైపు ఒక ఫైబర్ బోటు కొనుక్కున్నాను. 2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తుఫాను తీరం దాటింది. గాలికి చాటు దొరుకుతుందని నేను బోటును ఒక వాగు మూతిలోకి తెచ్చి కట్టాను. చాటు దొరికిన మాట నిజమే. కానీ మర్నాడు ఇక్కడ కురిసిన వాన మామూలుది కాదు. డిండి దగ్గర శ్రీశైలం రోడ్డే తెగింది. మా వాగు మొదళ్లతో సహా చెట్లను మోసుకొచ్చింది. ఒక దుంగ బోటు ముక్కు పగలగొట్టింది. మస్కట్‌లోనూ ఎండిన వాగులే పొంగి ఊరిని ముంచాయని కళ్లారా చూసినవాణ్ణి, నాకే బుద్ధి లేకపోయింది.

తాడు పొట్టిగా కట్టినా ప్రమాదమే. శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులు. 2009 అక్టోబర్ వరదలో అది 896 దాటింది, అలంపూర్ మునిగింది. నీళ్లు పైకొస్తుంటే పొట్టి తాడు బోటు ముక్కును కిందికి గుంజుతుంది. గేట్లు ఎత్తితే మట్టం దిగి బోటు రాళ్ల మీద కూర్చుంటుంది. కాబట్టి సాగే నైలాన్ మోకులు పొడవుగా, నాలుగు దిక్కులకూ ఉండాలి. తుఫాను తూర్పున తీరంలో ఉన్నప్పుడు మనకు ఉత్తరపు గాలి. దాని కేంద్రం మనకు దక్షిణంగా పోతే గాలి తిరిగి తూర్పు నుంచి, ఉత్తరంగా పోతే పడమర నుంచి వీస్తుంది. పొద్దున చాటుగా ఉన్న ఒడ్డు సాయంత్రానికి బోటును కొట్టే ఒడ్డవుతుంది.

మోకు సాధారణంగా నడిమికి తెగదు, బోటు అంచుకు ఒరుసుకునే చోట తెగుతుంది. అక్కడ పొలానికి నీళ్లు పారించే పాత డెలివరీ పైపు ముక్క తొడగండి. జారకుండా రెండు కొసల్లో గట్టి దారంతో కుట్టేయండి. మస్కట్‌లో ఇందుకే డబ్బులు పెట్టి గొట్టాలు కొనేవాళ్లు, మనకు ప్రతి బావి దగ్గరా ఊరికే దొరుకుతాయి.

ఇంజిన్, బ్యాటరీ, కాగితాలు ఇంటికి తెచ్చుకోండి. చీకటి పడ్డాక తాళ్లు చూసొస్తానని మాత్రం పోకండి, బోటులో పడుకుంటానని అస్సలు అనకండి.

తెరిపిచ్చాక రెండు మూడు రోజులు నీళ్లలోకి దిగకండి, దుంగలు తేలుతూనే ఉంటాయి. ఒడ్డున పెట్టిన బోటు దగ్గరికి కూడా కర్ర తీసుకునే వెళ్లండి. మా బోటులో తెడ్ల కింద పొడి చోటు చూసుకుని ఒక తాచు చుట్ట చుట్టుకుని కూర్చుంది.