ఫైలు ముందు, మనిషి తర్వాత

చి. స్రవంతికి,

కెనడాలో లైంగిక నేరస్తుల రిస్క్ అసెస్‌మెంట్, అంటే మళ్లీ నేరం చేస్తారా అని అంచనా వేసే పనిలో చేరుతున్నావని అమ్మ చెప్పింది. ఖైదీని కలవడానికి ముందే పోలీసు ఫైలు చదువు. బాధితుల వాంగ్మూలమైతే రెండుసార్లు చదువు. నీ ఎదుట కూర్చున్న మనిషి విడుదలను దృష్టిలో పెట్టుకుని మాట్లాడతాడు. ఎవరూ చూడనప్పుడు ఏం చేశాడో ఫైల్లోనే దొరుకుతుంది.

చదువుతుంటే కడుపులో దేవుతుంది. కానీ నిన్ను ఎక్కువ కలవరపెట్టిన కేసే ఎక్కువ రిస్క్ అనుకోకు. ఇది కోర్టులో లాయర్లకే మింగుడుపడదు, కొత్తవాళ్ల సంగతి చెప్పాలా! 1998లో హాన్సన్, బుసియేర్ అనే పరిశోధకులు 61 అధ్యయనాలు కలిపి చూశారు. నాలుగైదేళ్లలో మళ్లీ లైంగిక నేరం చేసినట్టు తేలింది సుమారు 13 శాతం మందే. బాధితులకు ఎంత గాయమైందన్నదానికీ, నేరం మళ్లీ జరగడానికీ చెప్పుకోదగ్గ సంబంధం కనబడలేదు. ఘోరానికి తగ్గ శిక్ష జడ్జి వేసేశారు. నిన్ను అడిగేది, మళ్లీ చేస్తాడా అని.

దానికి అతను ఏం ఎంచుకున్నాడో చూడాలి. ముందే ప్లాన్ వేశాడా, బాధితుల కోసం వెతుక్కుంటూ తిరిగాడా, పిల్లల కేసైతే వారాల తరబడి మచ్చిక చేసుకున్నాడా? కత్తి ఇంటినుంచి తెచ్చుకోవడం వేరు, ఆ వంటింట్లో చేతికందింది పట్టుకోవడం వేరు. మధ్యలో ఆపేశాడంటే తనంతట తానే ఆపాడా, ఎవరో తలుపు కొట్టారా? ఒకసారి చేసింది పరిస్థితి వల్ల కావచ్చు, రెండు కేసుల్లోనూ అదే కనిపిస్తే అలవాటని అనుమానించు. ఫైల్లో లేదంటే జరగలేదని కాదు, పోలీసులు అడగకపోయి ఉండొచ్చు.

బెర్లిన్ పోలీసు రికార్డుల ఆధారంగా డాలె, లేమన్ బృందం 2014లో ఇలాంటి ప్రవర్తనలతోనే ఏడంశాల కొలత తయారుచేసింది. వయసు, పాత నేరాల లాంటి వివరాలతో రిస్క్ లెక్కగట్టే స్టాటిక్-99 స్కోరు చెప్పనిది అది కొంత చెప్పగలిగింది. అలాగని స్కోరు తీసుకుని నీకు తోచినట్టు పెంచకు. అలా సవరిస్తే అంచనా మెరుగవదు, తప్పే పెరుగుతుందని పరిశోధనల్లో తేలింది. మగ బాధితులున్నారా అన్నది స్టాటిక్-99లో ఇప్పటికే ఉంది, దాన్ని ప్రవర్తన కింద రెండోసారి లెక్కపెట్టకు.

రిపోర్టులో స్కోరు ఒకచోట, నేరస్థలంలో కనిపించిన ప్రవర్తన వేరేచోట రాయి. 'క్రూరుడు' లాంటి మాటలొద్దు. 'రెండు ఘటనల్లోనూ ముందే ఇల్లు గమనించి వెళ్లాడు' అని రాస్తే ట్రీట్‌మెంట్ వాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలో తెలుసుకుంటారు. పెరోల్ ఆఫీసరు ఏ చుట్టుపక్కల తిరగొద్దనే షరతును సిఫారసు చేయాలో కూడా.

పెద్దమ్మ