సాలీడు మనిషి: మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయినసారి జపాన్ టీవీ సీరియల్ ‘కామెన్ రైడర్’ గురించి, అందులో మొదటి ఎపిసోడ్‌లో వచ్చే సాలీడు మనిషి గురించి రాశాను. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం ఆ సాలీడు మీదే.

మీరు రాసింది చదివి మావాడికి ఆ మొదటి ఎపిసోడ్ పెట్టాను. వాడికి ఏడేళ్లు. అప్పటి నుంచి రాత్రి బాత్రూమ్‌కి ఒక్కడే వెళ్లడం లేదు. పిల్లల సీరియల్‌ని ఇంత భయంగా ఎందుకు తీశారండీ?
– ఒక తల్లి, నెల్లూరు

అమ్మా, చిన్నపిల్లలకి చూపించే ముందు మీరొకసారి చూడండి అని నేను రాసి ఉండాల్సింది. రాయలేదు. తప్పు నాదే, క్షమించండి.

ఆ ఎపిసోడ్ 1971 ఏప్రిల్ 3న వచ్చింది. దాని పేరు ‘కైకి కుమో ఒతొకొ’, అంటే వింత సాలీడు మనిషి అని. చూడండి, హీరో పేరు పెట్టలేదు, విలన్ పేరు పెట్టారు. మొదటి ఎపిసోడ్లన్నీ దయ్యాల కథల్లాగే నడుస్తాయి. చీకటి, పొగ, ఎవరో వెనక నిలబడ్డట్టు ఉండే కెమెరా. భయపెట్టాలనే తీశారు, అందులో దాపరికం లేదు.

ఎందుకంటే కథే అలాంటిది. హోంగో తకేషి కాలేజీ కుర్రాడు, బైకు రేసులంటే ప్రాణం. షాకర్ అనే రహస్య ముఠా అతన్ని ఎత్తుకుపోయి, ఆపరేషన్ బల్ల మీద పడుకోబెట్టి, మిడత శక్తులున్న మనిషిగా మార్చేస్తుంది. అతనే మన హీరో, కామెన్ రైడర్. ఇక మెదడు ఒక్కటే మిగిలింది. అది కూడా మారిస్తే వాళ్లు చెప్పినట్టల్లా ఆడే బొమ్మ అయిపోతాడు. ఆ ఒక్క ఆపరేషన్ జరగకముందే మిదోరికావా అనే ప్రొఫెసర్ అతన్ని తప్పిస్తాడు. ఆ ప్రొఫెసర్‌ని చంపడానికి వచ్చేవాడే సాలీడు మనిషి. చంపేస్తాడు కూడా. శవం దగ్గర హోంగోని చూసిన ప్రొఫెసర్ కూతురు రురికో, తండ్రిని చంపింది ఇతనే అనుకుంటుంది.

నాకు ఈ సీరియల్ ఇంత ఇష్టం కావడానికి కారణం ఇక్కడే ఉంది. హీరో, రాక్షసుడు ఇద్దరూ ఒకే ముఠా ఆపరేషన్ బల్ల మీద నుంచి లేచినవాళ్లు. ఒకడికి సమయానికి ఒక ప్రొఫెసర్ దొరికాడు. ఇంకొకడికి ఎవరూ దొరకలేదు. చివర్లో హీరో ఎగిరి తన్నే ‘రైడర్ కిక్’ తగిలి సాలీడు మనిషి కరిగిపోతుంటే నేను చప్పట్లు కొట్టలేకపోయాను. వాడి అసలు పేరేమిటో ఎవరూ చెప్పరు.

మీ బాబు సంగతి. ముప్పై ఏళ్లు నాటకాలకి మేకప్ చేశాను కనుక చెబుతున్నా. రాక్షస వేషం చూసి ఏడ్చే పిల్లల్ని నేను గ్రీన్‌రూమ్‌లోకి తీసుకొచ్చేవాణ్ణి. నరకాసురుడు వాళ్ల ఎదురుగానే కోరలు తీసి పళ్లెంలో పెట్టి, సాసర్‌లో టీ పోసుకుని ఊదుకుంటూ తాగేవాడు. రెండు నిమిషాల్లో పిల్లలు ఆ కోరలు చేత్తో పట్టుకుని చూసేవాళ్లు. “ఏం లేదురా, భయపడకు” అంటే భయం పోదు. ఒక పాత అట్టముక్క, రంగులు ఇచ్చి, సాలీడు మాస్క్ వాడిచేతే చేయించండి. అది పెట్టుకుని మిమ్మల్ని భయపెట్టమనండి. మీరు గట్టిగా భయపడాలి సుమా.

సాలీడు మనిషి అంటే స్పైడర్‌మ్యానే కదా? కాపీ కొట్టారా?
– డిగ్రీ విద్యార్థి, హనుమకొండ

పేరు కలిసింది, అంతే బాబూ. మార్వెల్ వాళ్ల స్పైడర్‌మ్యాన్ 1962లో పుట్టాడు, నిజమే. కానీ అతను హీరో. గోడలెక్కే కుర్రాడికీ, మనుషుల్ని చంపే ఈ వికారపు ముఖానికీ పోలిక లేదు. కామెన్ రైడర్ తీసిన టోయే కంపెనీయే 1978లో మార్వెల్‌తో ఒప్పందం మీద జపాన్ స్పైడర్‌మ్యాన్ సీరియల్ కూడా తీసింది, 41 ఎపిసోడ్లు. అందులో స్పైడర్‌మ్యాన్‌కి లియోపర్డాన్ అని పెద్ద రోబో ఉంటుంది. వీలైతే చూడు, సరదాగా ఉంటుంది.

తర్వాత వచ్చిన రైడర్ సీరియళ్లలో కూడా మొదటి శత్రువు సాలీడే అవుతున్నాడు. ఎందుకని? మనకి శ్రీకాళహస్తిలో సాలీడు భక్తుడు కదా!
– ఒక టీచరు, తిరుపతి

బాగా పట్టుకున్నారు మేడమ్. అన్నిట్లో కాదు గానీ చాలావాటిలో అంతే. 1974 అమెజాన్, 1987 బ్లాక్, 2000 కూగా, 2002 ర్యూకి, 2005 హిబికి... మొదటి ఎపిసోడ్‌లో ఎదురయ్యేది సాలీడే. 2023లో హిదెయాకి అన్నో తీసిన సినిమాలో కూడా ముందొచ్చేది సాలీడే. మొదటి సీరియల్‌కి పెట్టే నమస్కారం లాంటిది అది.

అయితే 1971 కంటే ముందు నుంచే జపాన్ వాళ్లకి సాలీడంటే ఒక జంకు ఉంది. మినమోతో నో యోరిమిత్సు అనే వీరుడు త్సుచిగుమో అనే మాయ సాలీడుతో పోరాడిన కథ వాళ్ల దగ్గర పాతది. దాన్ని ‘నో’ అనే పాతకాలపు జపాన్ నాటకంగా ఆడతారు. సాలీడు వేషగాడు చెయ్యి విసిరితే తెల్లటి సన్నని కాగితపు పోగులు వందల కొద్దీ గాల్లోకి విచ్చుకుని ఎదుటివాడి మీద వాలతాయి. హిబికిలో సాలీడు పేరు కూడా త్సుచిగుమోనే.

మన సాలీడు శివుడికి గూడు అల్లితే, స్వామి పరీక్ష కోసం దీపం మంటకి ఆ గూడు అంటించాడు. అది కోపంతో దీపాన్నే మింగబోయింది. చిన్నప్పుడు మా అమ్మమ్మ ఈ కథ చెప్పినందుకేనేమో, నేను ఇప్పటికీ చీపురుతో బూజు దులిపేటప్పుడు సాలీడుని కాగితం మీదకి ఎక్కించి పెరట్లో వదిలేస్తాను.

హీరో వేషంలో, మాస్క్ కింద నటుడే ఉండేవాడా, డూపా?
– ఒక పాఠకుడు, ఏలూరు

మొదట్లో చాలా సీన్లలో హీరో ఫుజియోకా హిరోషియే ఉండేవాడు. షూటింగ్‌లో బైకు మీద నుంచి పడి కాలు విరిగింది. అందుకే 14వ ఎపిసోడ్ నుంచి ససాకి తకేషిని రెండో రైడర్‌గా తెచ్చారు. ఆ ప్రమాదమే లేకపోతే ఇన్ని రకాల రైడర్లు పుట్టేవాళ్లు కాదేమో అని నాకనిపిస్తుంది.

మా మేనల్లుడు జపాన్‌లో ఉద్యోగం చేస్తున్నప్పుడు నన్ను టోక్యో పడమటి కొండల్లో ఒగోచి డ్యామ్‌కి తీసుకెళ్లాడు. సాలీడు మనిషితో ఫైటింగ్ తీసింది అక్కడే. 149 మీటర్ల ఎత్తు. గోడ మీద నుంచి కిందికి చూస్తే నాకు అరికాళ్లు జిల్లుమన్నాయి. అలాంటి చోట, సగం కూడా కనపడని మాస్కులు పెట్టుకుని వాళ్లు దూకారు. నేను టోపీ తీసి కాసేపు నిలబడ్డాను.

స్కూల్ వార్షికోత్సవంలో సాలీడు రాక్షసుడి వేషం వేస్తున్నాను. మాస్క్ ఎలా చేయాలి? దారం ఎలా విసరాలి?
– తొమ్మిదో తరగతి, కరీంనగర్

శభాష్. బెలూన్ ఊది, దాని మీద మైదా జిగురుతో న్యూస్‌పేపర్ ముక్కలు ఐదారు పొరలు అంటించు. రెండు రోజులు నీడలో ఆరనివ్వు, ఎండలో పెడితే వంకర పోతుంది. నీ చూపు కోసం రంధ్రాలు రాక్షసుడి కళ్ల దగ్గర కాదు, నోటి దగ్గర పెట్టు. కోరల వెనక నల్ల నెట్ గుడ్డ అంటిస్తే ఎవరికీ తెలియదు, గాలి కూడా ఆడుతుంది.

దారానికి తెల్ల గాలిపటం కాగితం తీసుకుని, నూడుల్స్ కంటే సన్నగా పొడుగ్గా కత్తిరించు. ఒక్కో పోగు చివర ఎండు బఠాణీ అంటించి, దాని చుట్టూ వదులుగా చుట్టు. అలాంటివి పాతిక గుప్పిట్లో పట్టుకుని, కింది నుంచి పైకి విసిరి వేళ్లు ఒక్కసారిగా తెరువు. ఇంట్లో కనీసం పదిసార్లు ప్రాక్టీస్ చెయ్యి. నాటకం రోజు స్టేజి మీద ఫ్యాన్లు ఆపమని సార్‌కి ముందే చెప్పడం మర్చిపోకు.